ఎదుర్కోళ్లలో కాలిన ఎర్ర బండి

కోరుట్లలో నా షెడ్డు షట్టర్ దించి ఏడాది దాటింది. షట్టర్ దిగింది గాని జనం నోళ్లు మూతపడలేదు. చాయ్ హోటల్లో కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు బల్ల మీద చెయ్యి ఆనించి అదే ప్రశ్న అడుగుతారు. "గంగన్నా, దుబాయ్‌ల రేసు కార్లు ఇప్పి బిగించినోనివి గదా. పాతది మంచిదా, కొత్తది మంచిదా?" అడిగేవాడికి ఒక స్కూటీ ఉంటుంది. దానికి బ్రేకులు పడవు. అది బాగు చేయించుకోడు, రేసు కారు సంగతి మాత్రం కావాలి.

ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. జవాబు తెలియక కాదు. ఆ జవాబు నాకు తెలిసేసరికి ఒక మనిషి కుడి చెయ్యి కాలిపోయింది. అతని పేరు సాయిలు, ఊరు గొల్లపల్లి, పని డ్రైవింగు. ముప్పై ఏళ్లు ఒక్క గీత పడకుండా బండ్లు నడిపిన అతనికి ఇవాళ జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా ఎవరూ తాళంచెవి ఇవ్వరు. 'కారు కాల్చినోడు' అని పేరు పడింది. ఆ పేరు అబద్ధం. ఆ అబద్ధం కింద సంతకం నాది.

పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం నా అనుభవాలు రాయమని మా మెకానిక్‌ల సంఘం వాళ్లు అడిగారు. ఎన్ని ఇంజన్లు దించానో, ఎవరెవరు శాలువాలు కప్పారో రాస్తానని అనుకుని ఉంటారు. శాలువాలు పెట్టెలో ఉన్నాయి, వాటి సంగతి చిమటలు చూసుకుంటాయి. నేను రాయాల్సింది ఇది.

ఇంజన్ నడుమ ఉంటే

ముందు బండి సంగతి తేల్చుకుందాం, లేకపోతే మిగతాది అర్థం కాదు. మనకు కారంటే ముందర ఇంజన్, వెనక డిక్కీ. నేను చెప్పే కార్లలో ముందర బానెట్ ఎత్తితే ఒక సూట్‌కేసు పట్టే గుంత కనబడుతుంది. ఇంజన్ సీట్ల వెనక, వెనక చక్రాలకు కాస్త ముందు, సరిగ్గా నడుమ కూర్చుంటుంది. మూట నెత్తిన పెట్టుకున్నవాడు తిరిగినంత సులువుగా, చేతికి వేలాడేసుకున్నవాడు తిరగలేడు. బరువు నడుమ ఉంటే మలుపులో బండి కూడా అట్లాగే తిరుగుతుంది. అందుకే పందేల బండ్లకు ఆ ఏర్పాటు.

ఇదేదో విమానం అనుకోకండి. డ్రైవర్ సీటు కింద ఇంజన్ ఉండే పాత వ్యాన్లలో రాయికల్ అంగడికి పోయినవాళ్లంతా ఇట్లాంటి బండి ఎక్కినవాళ్లే. ఎండాకాలం కింద నుంచి సెగ తగల్లేదా? ఆ సెగే దీని కష్టం. ముందర ఉన్న ఇంజన్‌కు గాలి దానంతటదే మొహాన కొడుతుంది. నడుమ ఉన్న ఇంజన్ గాలిని పక్కల నుంచి లాక్కోవాలి. అందుకని తలుపుల వెనక రెండు పక్కలా పెద్ద పెద్ద గాలి సందులు పెడతారు. ఆ సందులు మూస్తే బండికి ఊపిరాడదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

ఉస్తాద్ కొట్టిన దెబ్బ

రాయికల్‌లో ట్రాక్టర్ల దగ్గర పని నేర్చుకుని దుబాయ్ పోయాను. పద్నాలుగేళ్లు ఒకే వర్క్‌షాపు. అక్కడ మా మీద పెద్ద కరీం ఉస్తాద్, పెషావర్ మనిషి. చదువు రాదు. కళ్లు మూసుకుని ఇంజన్ మోత విని ఏ సిలిండర్ తప్పుతోందో చెప్పేవాడు. నోరు మంచిది కాదు. చెయ్యి అంతకంటే మంచిది కాదు. నేను చూసిన పెద్దల్లో నిజమైన పెద్ద ఆయనొక్కడే, తక్కినవాళ్లంతా కుర్చీలు.

ఒకరోజు ఒక సేటు దగ్గర పనిచేసే బంగ్లాదేశ్ డ్రైవర్ బండి తెచ్చాడు. వెనక నుంచి ఏదో తియ్యటి వాసన వస్తోందన్నాడు. నేను కంప్యూటర్ తగిలించాను. అంతా బాగుందని చూపించింది. బండి బాగానే ఉంది, నీ ముక్కు చూపించుకో అని నవ్వి పంపేశాను. ఆ సాయంత్రమే అది క్రేన్ మీద తిరిగొచ్చింది. కూలెంట్ గొట్టం ఒకటి సన్నగా చీలి, ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లన్నీ పోయాయి. తియ్యటి వాసన అదే.

ఉస్తాద్ అందరి ముందూ నా చెంప మీద ఒకటిచ్చాడు. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని, కంప్యూటర్ అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతుంది, డ్రైవర్ అడగని సంగతి కూడా చెబుతాడు, రోజంతా ఆ బండి మీద కూర్చునేది వాడు, నువ్వు కాదు అన్నాడు. డ్రైవర్ నోరు తెరిస్తే చేతిలో పానా కింద పెట్టమన్నాడు.

ఆయనే నాకు దారం పరీక్ష కూడా నేర్పాడు. గాలి సందు ముందు ఒక దారప్పోగు టేపుతో అతికించి ఇంజన్ నడిపితే, అది లోపలికి లాక్కుపోవాలి. ఊరికే వేలాడితే ఎక్కడో గాలి ఆగిందన్నమాట. నా గదిలో ఉండే సిరిసిల్ల మనిషి ఒకడు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, మిగిలిన దారం ఉండ తెచ్చుకుని చిరిగిన బట్టలు కుట్టుకునేవాడు. ఆ ఉండలోంచి పోగులు తీసి కోట్ల బండ్లకు అతికించేవాణ్ని. తిరిగి వచ్చి కోరుట్లలో షెడ్డు పెట్టాక కూడా నా పానాల డబ్బాలో ఎప్పుడూ సిరిసిల్ల దారం ఉండేది.

ఆ చెంపదెబ్బ జన్మంతా మరిచిపోనని అనుకున్నాను. మరిచిపోయాను.

సారు, సాయిలు, రెండు ఎర్ర బండ్లు

జగిత్యాల బయట ఒక పెద్ద కాంట్రాక్టరుకు తోట బంగళా ఉంది. పేరు రాయను, సారు అంటాను. అందరూ అట్లాగే పిలుస్తారు. ఆయన రెండు బండ్లు కొన్నాడు. రెండూ ఒకే కంపెనీవి, రెండూ ఎరుపు, రెండింటికీ ఇంజన్ నడుమే. ఒకటి ముప్పై ఏళ్ల నాటిది, ముంబైలో ఎవరి దగ్గరో తీసుకున్నాడు. రెండోది సరికొత్తది. ఈ చుట్టుపక్కల జిల్లాల్లో వాటి మూత ఎత్తడం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి నన్ను పిలిపించాడు. వాటిని తుడవడానికి, వారానికోసారి రోడ్డు మీద తిప్పడానికి సాయిలు ఉండేవాడు.

పాతది, కొత్తది అని అడుగుతారు కదా, వినండి. పాతదాని మూత ఎత్తితే ఇంజన్ కనబడుతుంది. చెయ్యి పడుతుంది, పానా తిరుగుతుంది. గేరు మనమే వెయ్యాలి, క్లచ్చు తొక్కితే పిక్క పట్టేస్తుంది. ముందర ఏడెనిమిది మీటరు ముళ్లుంటాయి, నూనె ఒకటి, నీళ్ల వేడి ఒకటి, ఇట్లా. దానికి ఏమైనా అయితే ముల్లు కదులుతుంది, వాసన వస్తుంది, మోత మారుతుంది. చూసేవాడుంటే అన్నీ చెబుతుంది. చూసేవాడు లేకపోతే అట్లాగే నడుస్తూ నడుస్తూ నాశనమవుతుంది.

కొత్తదాని మూత అద్దం. పెళ్లికూతురి నగలు చూపించినట్టు అద్దంలోంచి ఇంజన్ చూపిస్తారు, ముట్టుకోనివ్వరు. మూత తీస్తే మళ్లీ నల్లటి ప్లాస్టిక్ మూతలు. ఒక చిన్న సెన్సార్ మార్చినా కంపెనీ లాప్‌టాప్ దాన్ని ఒప్పుకోవాలి. ఆ లాప్‌టాప్ మనలాంటి షెడ్డువాళ్లకు అమ్మరు. నలభై ఏళ్లు చేతులు నల్లబడ్డ మనిషిని కూడా ఒక తెర ముందు చేతులు కట్టుకుని నిలబెట్టే బండి అది. దాన్ని చూస్తే నాకు మంట. కాని నిజం కూడా రాయాలి. ఆ బండికి ఏమైనా అయితే మన కోసం ఎదురుచూడదు. తనను తానే కాపాడుకుంటుంది.

నాకు పాతదంటే ప్రేమ. సారుకు కొత్తదంటే గర్వం. సాయిలుకు రెండూ ఒకటే, రెండింటి మోతా తెలుసు. పొద్దున నేను పోగానే ఇవాళ పాతది రెండో గేరు దగ్గర మూలుగుతోందనో, ఎడమ పక్క వేడి ఎక్కువుందనో చెప్పేవాడు. చూస్తే నిజమే అయ్యేది. పదో తరగతి తప్పిన ఆ మనిషి చెప్పినంత సరిగ్గా ఏ మిషనూ చెప్పలేదు.

సారు కొడుకు పెళ్లికి నెల ముందు పాతదాని పెట్రోలు గొట్టాలు చూశాను. ముప్పై ఏళ్ల రబ్బరు, ఎండు చింతబరికెలా గట్టిపడింది. ఇప్పుడు పెట్రోల్లో కలిపే స్పిరిట్ ఆ కాలపు రబ్బరుకు పడదు. బయటి దేశం నుంచి కొత్త గొట్టాలు తెప్పించాలని, అవి వచ్చేదాకా బండి తియ్యవద్దని సారుకు చెప్పాను. ఆయన తెప్పించమన్నాడు గాని బండి ఆపనన్నాడు. కొడుకు పెళ్లికి రెండు ఎర్ర బండ్లూ ముందూ వెనకా నడవాలి. ఒక్క కిలోమీటరే కదా అన్నాడు. నేను తల ఊపాను. అది నా మొదటి తప్పు.

సిరిసిల్లలో ఒక్క కిలోమీటరు

మగపెళ్లివాళ్లది జగిత్యాల. ఆడపెళ్లివాళ్లది సిరిసిల్ల. మే నెల, మధ్యాహ్నం లగ్గం. బండ్లను లారీల మీద తెచ్చి ఫంక్షన్ హాలుకు కిలోమీటరు దూరంలో దించాం. అక్కడ పూలు కట్టేవాళ్లు మొదలుపెట్టారు. తలుపుల వెనక సందులు వదిలేయమని చెప్పాను, వదిలారు. ఇంతలో సారు వచ్చి చూశాడు. మధ్యలో బోసిగా ఉందేంది, నింపండి అన్నాడు. బంతిపూల జాలీ తెచ్చి రెండు బండ్లకూ రెండు పక్కలా గాలి సందుల మీద నిండుగా బిగించారు. పొద్దున నేను సందుల ముందు అతికించిన దారప్పోగులు ఆ పూల కింద పడిపోయాయి. నేను అక్కడే నిలబడి ఉన్నాను. పెళ్లిలో ఎందుకులే అనుకున్నాను. అది రెండో తప్పు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకున్నానేమో. ఆ రోజు దురద కత్తిపీటకే ఉండాలి, అది నా పని.

ఇక్కడొక సంగతి, మన దగ్గర తప్ప ఎక్కడా జరగనిది. కిలోమీటరు దూరం నడిచే బండికి గాలి ఎంతో కొంత దొరుకుతుంది. కాని పెళ్లి ఊరేగింపును కిలోమీటర్లలో కొలవకూడదు. ఎదుర్కోళ్లు ఉంటాయి. ఆడపెళ్లివాళ్లు డప్పులతో ఎదురొచ్చి, పానకం ఇచ్చి, రంగు చల్లి పిలిస్తేనే మగపెళ్లివాళ్లు ముందుకు కదలాలి. వాళ్లు రాకముందే కదిలితే ఇజ్జత్ పోతుంది. ఆ రోజు వాళ్లు ఆలస్యమయ్యారు. వాళ్లు వచ్చి పిలిస్తేనే కదులుతామని ఇటువాళ్లు పట్టుబట్టారు, ఇంకా ముందుకు రావాలని అటువాళ్లు పట్టుబట్టారు. రెండు బండ్లూ ఎర్రటి ఎండలో, పూలు కప్పుకుని, ఏసీ కోసం ఇంజన్లు నడుస్తూ నిలబడిపోయాయి. ఎంతసేపు? నేను గడియారం చూడలేదు. డీజే మీద పది పాటలైనా అయిపోయి ఉంటాయి.

ముందున్న కొత్త బండిని పెళ్లికొడుకే నడుపుతున్నాడు. పక్కన అతని బావ. మొదట తెర మీద హెచ్చరిక వచ్చింది. పట్టించుకోలేదు. తర్వాత బండే ఏసీ తగ్గించింది. తర్వాత ఇంజన్ బలం తగ్గించింది. ఆఖరికి తనంతట తానే ఆగిపోయింది. పెళ్లికొడుకు బయటికి దిగాల్సి వచ్చింది, అదీ ఎదుర్కోళ్లు కాకముందే. సారు మొహం బండి కంటే ఎర్రగా అయింది. నన్ను పిలిచి వెంటనే నడిపించమన్నాడు. నేను నా దగ్గరున్న స్కానర్ మిషన్ తగిలించి కొత్త బండి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. నన్ను మనిషిగా లెక్కచేయని ఆ బండి ముందు, నేను ప్రేమించే బండిని వెనక వదిలేసి.

వెనక పాత బండిలో స్టీరింగు దగ్గర సాయిలు. పక్కన పెళ్లికొడుకు మేనమామ, భారీ మనిషి. సాయిలు దిగి నా దగ్గరికి వచ్చి, నీళ్ల ముల్లు ఎక్కుతోందన్నాడు. చూస్తానన్నాను. మళ్లీ వచ్చి, వాసన వస్తోంది, బంద్ చేస్తానన్నాడు. అప్పుడు నేనన్న మాట నాకు ఇప్పటికీ నా గొంతుతోనే వినబడుతుంది.

"బంద్ జెయ్యకు సాయిలు. వేడి మీద బంద్ జేస్తే మల్ల సెల్ఫ్ కొట్టది. గిది ఆగిపాయె, గది సుత ఆగితే సారు మనల బత్కనియ్యడు. పాత బండికి ఏంగాదు, నాకెరికే."

అది నిజమే, అట్లాంటి పాత బండ్లు వేడిగా ఉన్నప్పుడు ఆపితే తొందరగా స్టార్ట్ కావు. ఒక నిజం పట్టుకుని వేలాడితే దాని వెనక ఉన్న పెద్ద నిజం కనబడదు. సాయిలు మూడోసారి వచ్చాడు. పూలు తీసేస్తానన్నాడు. మేనమామ కారులోంచి అరిచాడట, ఏసీ పోతుంది, తలుపు మూసి కూర్చో అని. నేను తల ఎత్తలేదు. మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ నేను వినలేదు.

తర్వాతిదంతా గుక్క తిప్పుకునేంతలో జరిగింది. ఎండిన గొట్టం ఎక్కడో పగిలి, పెట్రోలు వేడి సైలెన్సర్ మీద పడింది. వెనక మూతలోంచి పొగ, ఆ వెంటనే మంట. సాయిలు మేనమామను బయటికి లాగాడు. ఆ పక్కనే డీజే జనరేటర్, డీజిల్ డబ్బాలు, ఆ వెనక షామియానా కింద కుర్చీల్లో ఆడవాళ్లు. జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. సాయిలు ఒకసారి ఆ డబ్బాల వైపు చూశాడు. మళ్లీ ఆ బండిలోకి ఎక్కాడు. మంట వీపు వెనకే ఉండగా గేరు వేసి, జనాన్ని తప్పిస్తూ, రోడ్డు పక్క ఖాళీ ప్లాటులోకి తోలుకుపోయి వదిలాడు. దిగేసరికి మెడ వెనక, కుడి చెయ్యి మోచేతి దాకా కాలాయి. ఎద్దు పుండు కాకికి ముద్దా? నిలబడ్డవాళ్లలో సగం మంది ఫోన్లలో వీడియో తీస్తున్నారు.

ఇంకెవరికీ ఏమీ కాలేదు. లగ్గం సమయానికే అయింది. కొత్త బండి పూలు పీకేశాక, చల్లబడి, ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అయింది.

సంతకం

వారం తర్వాత సారు జగిత్యాల బంగళాకు పిలిచాడు. ఇన్సూరెన్సు వాళ్లకు, పోలీసులకు ఇవ్వడానికి ఒక కాగితం టైపు చేయించి ఉంది. డ్రైవర్ హెచ్చరికలు పట్టించుకోకుండా ఇంజన్‌ను వృథాగా రేస్ చేసినందువల్ల ప్రమాదం జరిగిందని మెకానిక్ అభిప్రాయం. కింద నా పేరు, సంతకానికి ఖాళీ. నేను గొట్టాల సంగతి ఎత్తాను. సారు కోప్పడలేదు. మెల్లగానే మాట్లాడాడు.

"గొట్టాలు పాతయని రాసినవనుకో, గసొంటి గొట్టాలతోని బండి రోడ్డెక్కిచ్చిన మెకానిక్ ఎవడని అడుగుతరు. నీ పేరు వోతది. డ్రైవర్ తప్పని రాసినవనుకో, ఎవ్వని పేరు వోతది? వానికి పేరేడున్నది పోనీకి?"

నేను సంతకం చేశాను. భయంతో చేశాను. నలభై ఏళ్లు కూడబెట్టుకున్న పేరు, దుబాయ్ మెకానిక్ అన్న పేరు, దాన్ని కాపాడుకోవడానికి ఇంకొకడి పేరు తీసుకుపోయి మంటలో వేశాను. అప్పుడు సాయిలు ఆసుపత్రిలో బోర్లా పడుకుని ఉన్నాడు.

ఆ కాగితం మీద సాయిలు పని పోయింది, కేసు పడింది. స్కూలు బస్సుకు అడిగితే వద్దన్నారు. వరికోత మిషన్ నడపడానికి ముస్తాబాద్ దాకా పోయి అడిగితే, నువ్వు సిరిసిల్లలో కారు కాల్చినోనివి గదా అన్నారట. భార్య బీడీలు చుడుతుంది. అతను ఇంట్లో కూర్చుని ఆకు కత్తిరిస్తాడు, ఎడమ చేత్తో. ఇవన్నీ నాకు తెలుస్తూనే ఉన్నాయి. గొల్లపల్లి మీదుగా పోవలసి వస్తే వేరే దారిన పోయేవాణ్ని.

షెడ్డు ఖాళీ చేస్తున్నప్పుడు అటక మీద ఒక పార్సిల్ దొరికింది. విప్పని పార్సిల్. పెళ్లయిన పది రోజులకు వచ్చిన పెట్రోలు గొట్టాలు. కొత్త రబ్బరు, వంచితే వంగుతోంది. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఉస్తాద్ బతికి ఉంటే ఈసారి చెంపదెబ్బతో వదిలేవాడు కాదు.

ఆ పార్సిల్ పట్టుకుని పోలీసులకు చెప్పాను, ఇన్సూరెన్సు ఆఫీసులో చెప్పాను. నా మాట తప్పు, రాసుకోండి అన్నాను. ఫైలు మూసేశాం పెద్దమనిషీ, ఇప్పుడెందుకు అన్నారు. అబద్ధం చెప్పినప్పుడు కుర్చీ వేసి కూర్చోబెట్టారు, నిజం చెబితే నిలబెట్టి పంపారు. సారు ఫోన్ ఎత్తడం మానేశాడు.

పనిలోకి వచ్చేవాళ్లకు

కాబట్టి ఆ ప్రశ్నకు నా జవాబు రాస్తున్నాను, ఇక చాయ్ హోటల్లో నన్ను అడగకండి. కొత్త బండి తన మాట ఎవరూ వినకపోయినా తానే ఆగుతుంది. తయారుచేసినవాళ్లకు మన బుద్ధి మీద నమ్మకం లేదు, అందుకే అట్లా చేశారు. ఆ రోజు సిరిసిల్లలో వాళ్ల లెక్కే సరైంది. పాత బండి చెబుతుంది గాని ఆగదు. తన మాట వినే మనిషి ఒకడు ఉంటాడని నమ్ముతుంది. ఆ మనిషి ఉన్నాడు, స్టీరింగు దగ్గరే ఉన్నాడు. విన్నాడు, వచ్చి చెప్పాడు. అతని మాట వినే మనిషే లేడు.

మీరు ఏ బండి ముట్టుకున్నా నాకు అనవసరం. రేపు కరెంటు బండ్లే ముట్టుకుంటారు, ముట్టుకోండి. డ్రైవర్ వచ్చి నిలబడితే తల ఎత్తండి. అతని అంగీ మాసి ఉన్నా, మాట సాగదీసినా, పక్కన సేటు తొందరపెడుతున్నా సరే. ఓనరు బండి కొంటాడు, కంపెనీ బండి చేస్తుంది, మనం బండి విప్పుతాం. అందులో కాలేది డ్రైవర్ ఒక్కడే. ఇంకో మాట. బండి బయటికి తియ్యవద్దని చెప్పాక ఓనరు తీస్తానంటే, తాళంచెవి అక్కడ పెట్టి ఇంటికి రండి. నేను తల ఊపి అక్కడే నిలబడ్డాను. అట్లా నిలబడకండి.

గొల్లపల్లి అడ్డా

ఇక్కడిదాకా రాసిన కాగితాలు పట్టుకుని పోయిన ఆదివారం గొల్లపల్లి పోయాను. సాయిలు ఇంటికి పోయి క్షమించమంటే అతను లోపలికి రమ్మనలేదు. వాకిట్లోనే నిలబడి, నాకు చెప్పుడు ఎందుకు, నాకెరుకే గదా, తెలియనోళ్లకు చెప్పు అన్నాడు. చెబుతానన్నాను. ఇద్దరం నడిచి ఆటోల అడ్డా దగ్గరికి పోయాం. డ్రైవర్లు పదిహేను ఇరవై మంది ఉన్నారు. నా సంగతి చెప్పి, నిలబడి, మొదటి నుంచి అంతా చదివాను. 

సాయిలు ఆటో కడ్డీకి ఆనుకుని విన్నాడు, కాలిన చెయ్యి మీద అంగీ చెయ్యి కిందికి లాక్కుని. అయిపోయాక దగ్గరికి వచ్చి కాగితాల వైపు చూశాడు.

"మంచిగనే రాసినవ్. గీ కాగితం జూసి తాళంచెవి ఎవడిస్తడో సూద్దాం. గని ఒకటి తప్పు రాసినవన్నా. మూడుసార్లు గాదు, నాలుగుసార్లు చెప్పిన. నాలుగోసారి నీ అంగి వట్టి గుంజిన. నువ్వు నా చెయ్యి ఇదిలిచ్చి కొట్టినవు. అది రాయలే."

డ్రైవర్లంతా నా మొహం చూస్తున్నారు. మరిచిపోయానని చెప్పవచ్చు. కాని నాకు గుర్తుంది. ఆ ముక్క రాస్తున్నప్పుడు కూడా గుర్తుంది. నేను విదిలించి కొట్టింది అతని కుడి చెయ్యి. అంతా ఒప్పుకుంటున్నాను కదా, ఆ ఒక్కటి ఎందుకులే అని వదిలేశాను. ఆ మాటే అక్కడ చెప్పాను. సాయిలు తల ఊపి, మళ్లీ పోయి ఆటోకు ఆనుకున్నాడు.

పైన మూడుసార్లు అని రాసినచోట నేను దిద్దలేదు. కావాలనే వదిలాను, అబద్ధం ఎంత సాఫీగా చేతిలోంచి వస్తుందో మీకు తెలియాలని. అక్కడ నాలుగు అని చదువుకోండి.